బీడు పెట్టిన చేను ఎవరిదైంది?

"ఆదివాసులకు ఎంత చేసినా బాగుపడరు." ఈ మాట బస్సుల్లో వింటాం, ఆఫీసుల్లో వింటాం, ఒక్కోసారి బడిలోనే వింటాం. పదేపదే వింటే మన పిల్లలు కూడా నిజమేనేమో అనుకుంటారు. అందుకే ఈ మాటను చరిత్ర ముందు పెట్టి చూడాలి.

పేదలు తరతరాలుగా పేదలుగానే ఎందుకు ఉంటారని చాలామంది పరిశోధించారు. 1959లో అమెరికా పరిశోధకుడు ఆస్కార్ లూయిస్ మెక్సికో కుటుంబాల గురించి రాస్తూ 'పేదరికపు సంస్కృతి' అన్నాడు. పేదరికంలో అలవడిన బతుకు తీరు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగుతుందని ఆయన వాదన. దాన్ని పట్టుకుని తప్పంతా పేదల మీదే వేసినవారూ ఉన్నారు. కానీ అంతకుముందే ఆదిలాబాద్ అడవుల్లో జరిగిన పరిశోధన వేరే సంగతి చెప్పింది.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాడు. ఆ తిరుగుబాటుకు కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టి ఎలిజబెత్ మార్లవాయిలో గోండుల మధ్య ఉండి, జరిగింది రాసిపెట్టారు.

గోండులు ఒక చేను కొన్నేళ్లు దున్ని, సత్తువ తగ్గితే బీడు పెట్టేవారు. మరోచోట దున్ని, కొన్నేళ్లకు పాత చేనుకు తిరిగొచ్చేవారు. ఆ చేను ఎవరిదో ఊరందరికీ తెలుసు, కాగితంతో పని లేదు. తర్వాత సర్వే వచ్చింది, అడవికి హద్దులు పడ్డాయి. బీడు చేలు కొన్ని రిజర్వు అడవిలో కలిశాయి. కొన్ని పట్టా సంగతి తెలిసిన బయటివారి పేరున ఎక్కాయి. దున్నినవాడే కౌలుదారయ్యాడు, కూలీ అయ్యాడు. అప్పిచ్చిన షావుకారు కళ్లంలోనే పంట కొలుచుకున్నాడు. ఇందులో సోమరితనం ఎక్కడుంది?

భూమి, అడవి మావేనని భీం అడిగింది ఇందుకే. పరిశోధకుడు రాకముందే మన పెద్దలకు ఈ సంగతి తెలుసు.

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. గోండి వాచకాలు వచ్చాయి. వేల కుటుంబాలకు పట్టాలు దక్కాయి. చేను, చదువు రెండూ చేతికొస్తే మనవాళ్లు నిలదొక్కుకోగలరని ఆ కొన్నేళ్లు చూపించాయి.

1970ల్లో హైమన్‌డార్ఫ్ తిరిగొచ్చేసరికి ఆ భూముల్లో చాలా భాగం మళ్లీ చేయి జారింది. ఆ సంగతి 1982లో వచ్చిన 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' పుస్తకంలో రాశాడు. అప్పటికి చట్టం లేక కాదు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో 1/70గా గట్టిపరిచారు. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి మారకూడదు. అయినా పోయిన భూమిలో చాలా భాగం తిరిగి రాలేదు. 1981 ఏప్రిల్ 20న భూమి కోసం ఇంద్రవెల్లికి చేరిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. ఎంతోమంది అని మన ఊళ్లు చెబుతాయి.

ఇచ్చింది నిలుపుకోలేక మనం పేదలం కాలేదు. మనదే పదేపదే పోతూ వచ్చింది.

ఉపాధ్యాయులకు ఒక మనవి. మీ తరగతి పిల్లలను ఇంటికెళ్లి తాతను, అవ్వను అడిగి రమ్మనండి: మన చేను ఎక్కడుండేది, ఇప్పుడు ఎవరు దున్నుతున్నారు, ఎప్పుడు చేయి మారింది? పెద్ద పిల్లలు ఆ జవాబులను ఊరి పహాణీతో సరిచూడాలి. అదీ పరిశోధనే. అది మన పిల్లలే చేయాలి.