కాశిబుగ్గకు సముద్రమెంత దూరము?

తెలుగునాట కాశిబుగ్గలు రెండు కలవు. ఒకటి శ్రీకాకుళము జిల్లాలో పలాసకు జంటయైన పట్టణము. అచ్చటికి సముద్రము చేరువ. రెండవది వరంగల్లు నగరములోని పేట. సముద్రమునకు రెండువందల కిలోమీటర్లకు పైగా లోపల నున్నది. మొదటి కాశిబుగ్గ వంటలో సముద్రమున్నదనిన ఎవరికిని ఆశ్చర్యము కలుగదు. రెండవదాని వంటలోను ఉన్నదని మేము శ్రోతలకు మనవిచేయుచున్నాము.

ఓరుగంటికి సముద్రముతో గల పొత్తు శాసనమున కెక్కినదే. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవులో అభయశాసనము వేయించెను. అంతకుముందు గాలివానలకు చెడి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరుకును రాజులు లాగికొనుచుండిరి. ఇకమీదట ముప్పదింట నొకపాలు సుంకము తప్ప మరేమియు గైకొనమని గణపతిదేవుడు వర్తకులకు మాట యిచ్చెను. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, పగడము, పట్టు, మిరియము, పోక—ఇట్లు సరుకుల పేర్లు అందు చెక్కబడినవి. ఆ వరుసలో చేపకు చోటు లేదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామము ఓరుగంటి పూటకూటింట రూకకు దొరకు భోజనమును నోరూరునట్లు వర్ణించినది. ఆ విస్తరిలోను చేప లేదు. రాజునకు సుంకము కావలెను, కవికి రసము కావలెను. జాలరి కుండలోనికి ఇద్దరును తొంగిచూడలేదు. కనుక మనము ఆ కుండనే అడుగవలసియున్నది.

సముద్రపు సరుకులలో బీదసాదల ఇండ్లకును తప్పక చేరినది ఉప్పు. రైలు రాకమునుపు తీరపు ఉప్పును ఎద్దులపై కెక్కించి లోనాడులకు మోసినవారు లంబాడీలు. ఆ ఉప్పే చేపకును దూరప్రయాణపు శక్తి నిచ్చినది. నెత్తళ్ళు, సావళ్ళు, చిన్న రొయ్యలు తీరపు టిసుకపై ఎండును. పెద్దచేపను చీల్చి ఉప్పు దట్టింతురు. 1889లో నిజాము రైలుదారి వరంగల్లు మీదుగా బెజవాడ చేరిన పిమ్మట తీరమునకును ఓరుగంటికిని నడుమ దూరము గంటల లెక్కకు వచ్చెను.

తీరవాసుల వంట వేరు. అమెరికాలోని లూసియానా ప్రజలు మంచినీటి రొయ్యలవంటి జీవులను మొక్కజొన్నకంకులతోను, బంగాళాదుంపలతోను గూడ పెద్ద కాగులో ఉడికించి, నీరు పారబోసి, బల్లపై కుమ్మరించుకొని గుంపుగా తిందురు. మన తీరవాసి చూచినచో అయ్యో, పులుసు పారబోసితిరే యనును! అతనికి ఆ నీరే వంట. వెడల్పుమూతి మట్టిదాకలో చింతపండు పులుసు మరగుచుండగా ముక్కలు వేయుదురు; గరిటె పెట్టిన ముక్క విరుగునని దాకనే పట్టి కుదిపి త్రిప్పుదురు. మరునాటికి అది మరింత రుచికెక్కును.

ఓరుగంటి ఇల్లాలు ఎండిన సరుకుతో ఆ పులుపునే సాధించినది. ఎండురొయ్యల తలలు, తోకలు తుంచి, పెనముపై దోరగా వేయించి, వేడినీట కడిగి, చింతచిగురుతోనో గోంగూరతోనో వండును. వేసవి మొదట చిగురు దొరకు నాళ్ళలో ఈ కూరకు సాటి లేదని మా యభిప్రాయము. కాశిబుగ్గకు చేరువనున్న ఏనుమాముల మార్కెట్టున రాసులు పోసిన మిరపను చూచి, ఇది కాకతీయులనాటి రుచియే యని భ్రమపడరాదు. మిరప పోర్చుగీసువారి ఓడలతో పదునారవ శతాబ్దమున మన దేశమునకు వచ్చినది. గణపతిదేవుని నాటి కారము మిరియపు కారమే.

ఇక పచ్చిచేప మాట. దానికి ఓరుగల్లు సముద్రమును నమ్ముకొనలేదు. పాకాల, రామప్ప చెరువులు కాకతీయుల కాలమున పైరుకొఱకు త్రవ్వబడినవి. అవి కొఱ్ఱమీనును, జెల్లను, పరకలను గూడ పెంచినవి. జూన్ మొదటివారము దాటగానే వచ్చు మృగశిర కార్తెనాడు తెలంగాణమున చేపల కూర వండని మాంసాహారి యిల్లు అరుదు. తొలకరి చలికి దేహమునకు వేడి నిచ్చునని పెద్దల నమ్మకము. చేప తిననివారు ఇంగువను బెల్లముతో కలిపి మ్రింగుదురు. వేసవికి చెరువులలో నీరు అడుగంటియుండుటచే వలకు చేప సులభముగా చిక్కు కాలమది. ఇందొక చిత్రము కలదు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరపడవల వేట నిషిద్ధము. తీరమున ఆ పడవలు ఒడ్డునకు లాగబడియున్న ఆ దినముననే, సముద్రము లేని ఓరుగంటి వీధులలో చేపల గంపలచుట్టు జనము మూగియుందురు.