పాత స్పోర్ట్స్ కార్లలో స్ప్రింగులు, షాక్ అబ్సార్బర్ల ఎంపిక

పాత స్పోర్ట్స్ కార్లలో స్ప్రింగులు, షాక్ అబ్సార్బర్ల ఎంపిక అనగా, తయారై కొన్ని దశాబ్దాలు గడచిన తేలికపాటి కారులో అరిగిపోయిన సస్పెన్షన్ భాగాల స్థానంలో, ఆ కారు బరువుకు, నిర్మాణానికి మరియు అది తిరిగే రోడ్లకు తగిన భాగాలను నిర్ణయించడం. స్ప్రింగు కారు బరువును మోస్తుంది. షాక్ అబ్సార్బర్ ఆ స్ప్రింగు యొక్క ఊపును అణచివేస్తుంది. ఈ రెండూ జంటగా పనిచేస్తాయి కనుక ఒకదానిని మార్చినప్పుడు రెండవదానిని కూడా సరిచూడవలసి ఉంటుంది. గతుకుల రోడ్లకు గట్టి స్ప్రింగులు వేసి కారును ఎత్తు చేయడం మేలని చాలామంది భావిస్తారు. అయితే కొన్ని రకాల వెనుక ఇరుసులు గల కార్లలో ఈ మార్పు వలన మలుపులో కారు తిరగబడే ప్రమాదం కలదు.

ఈ వ్యాసంలో ట్రయంఫ్ హెరాల్డ్, స్పిట్‌ఫైర్ కార్లను ప్రధాన ఉదాహరణగా తీసుకోవడమైనది. వీటిలో హెరాల్డ్ మద్రాసులో కూడా తయారైనది. రోడ్ల విషయంలో శ్రీ సత్యసాయి జిల్లా (2022 వరకు అనంతపురం జిల్లా) చిలమత్తూరు ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకోవడమైనది.

చరిత్ర

బ్రిటన్‌లోని స్టాండర్డ్-ట్రయంఫ్ సంస్థ 1959లో హెరాల్డ్ కారును విడుదల చేసింది. దీని రూపశిల్పి ఇటలీకి చెందిన జియోవానీ మికెలోట్టి. ఇదే చట్రాన్ని కురచ చేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును తెచ్చారు. ఇది 1980 వరకు తయారైనది. మద్రాసు సమీపాన వండలూరు వద్ద కర్మాగారం గల స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1961లో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో ఈ కారును తయారుచేయడం ప్రారంభించింది.

హెరాల్డ్, స్పిట్‌ఫైర్ రెండింటికీ ముందు చక్రాల వద్ద చుట్ట స్ప్రింగులు, వాటి మధ్యగా షాక్ అబ్సార్బర్లు ఉంటాయి. వెనుక చక్రాలకు అడ్డంగా అమర్చిన ఒకే కమాను కట్ట ఉంటుంది. వెనుక ఇరుసు రెండు ముక్కలుగా ఉండి, మధ్యనున్న డిఫరెన్షియల్ వద్ద కీలు మీద ఊగుతుంది. దీనిని ఊగే ఇరుసు అనవచ్చు. భారతదేశంలో ఈ ఇరుసు కొనుగోలుదారులకు, మెకానిక్కులకు అంతగా నచ్చలేదు. అందువలన 1972లో వచ్చిన స్టాండర్డ్ గజెల్ కారులో దీనిని తొలగించి ఒకే ముక్కగా ఉండే మామూలు ఇరుసును అమర్చారు.

స్ప్రింగు గట్టితనం

స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి కావలసిన బరువే దాని గట్టితనం. చుట్ట స్ప్రింగు గట్టితనం మూడు కొలతలపై ఆధారపడి ఉంటుంది.

* తీగ మందం: గట్టితనం మందం యొక్క నాలుగవ ఘాతానికి అనులోమంగా పెరుగుతుంది. మందం 10 శాతం పెరిగితే గట్టితనం సుమారు 46 శాతం పెరుగుతుంది.
* చుట్ట వ్యాసం: వ్యాసం 10 శాతం పెరిగితే గట్టితనం సుమారు 25 శాతం తగ్గుతుంది.
* చుట్ల సంఖ్య: చుట్లు తగ్గిన కొద్దీ గట్టితనం పెరుగుతుంది. పనిచేసే చుట్లు 8 ఉన్న స్ప్రింగులో ఒక చుట్టు కోసివేస్తే అది 14 శాతం గట్టిపడుతుంది.

ఉదాహరణకు 12 మి.మీ. తీగతో, 90 మి.మీ. సగటు వ్యాసంతో, 8 చుట్లతో చేసిన ఉక్కు స్ప్రింగు గట్టితనం మిల్లీమీటరుకు సుమారు 3.6 కిలోలు. కానీ స్ప్రింగు చక్రం మీద కాక, చక్రాన్ని పట్టి ఉంచే చేయి మధ్యలో ఉంటుంది. చక్రం 10 మి.మీ. లేచినప్పుడు స్ప్రింగు 6 మి.మీ. మాత్రమే నలిగితే, ఆ నిష్పత్తి 0.6 అవుతుంది. చక్రం వద్ద తెలిసే గట్టితనం ఈ నిష్పత్తి యొక్క వర్గాన్ని బట్టి ఉంటుంది. అనగా 3.6 కిలోలలో 36 శాతం, సుమారు 1.3 కిలోలు మాత్రమే. ఒకే గట్టితనం గల స్ప్రింగు రెండు వేర్వేరు కార్లలో రెండు రకాలుగా ప్రవర్తించడానికి ఇదే కారణం.

ఊగుడు సంఖ్య

కారు బరువుకు స్ప్రింగు ఎంత తగినదో తెలుసుకోవడానికి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కిస్తారు. కారు బరువు వలన చక్రం వద్ద ఏర్పడే కుంగుడును సెంటీమీటర్లలో తీసుకుని, దాని వర్గమూలంతో 5ను భాగిస్తే ఈ సంఖ్య వస్తుంది. పై ఉదాహరణలో ఒక ముందు చక్రంపై 200 కిలోల బరువు పడితే కుంగుడు సుమారు 15.5 సెం.మీ., ఊగుడు సెకనుకు సుమారు 1.3 సార్లు. సుఖంగా నడిచే కార్లకు ఇది 1 నుండి 1.5 వరకు, రోడ్డుపై నడిచే స్పోర్ట్స్ కార్లకు 1.5 నుండి 2 వరకు ఉంటుంది.

తీగ మందాన్ని 13 మి.మీ. చేస్తే ఊగుడు సంఖ్య సుమారు 1.5కు చేరుతుంది. అయితే స్ప్రింగు పొడవు మునుపటిదే అయినచో కారు ముందు భాగం సుమారు 4 సెం.మీ. పైకి లేస్తుంది. అందువలన గట్టి స్ప్రింగును ఎంచుకున్నప్పుడు దాని పొడవును కూడా తగ్గించి తీసుకోవాలి.

స్పోర్ట్స్ కారుకు గట్టి స్ప్రింగులే ఉండాలన్న నియమం లేదు. 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ మెత్తని స్ప్రింగులతోనే మలుపులలో పట్టుకు పేరు పొందినది.

షాక్ అబ్సార్బర్లు

షాక్ అబ్సార్బర్ లోపలి పిస్టన్ కదిలినప్పుడు నూనె సన్నని రంధ్రాల గుండా పోతుంది. ఆ నిరోధం ఊపు శక్తిని వేడిగా మారుస్తుంది. సాధారణంగా చక్రం పైకి లేచేటప్పటి కంటే క్రిందికి దిగేటప్పుడు నిరోధం ఎక్కువగా ఉండునట్లు అమరుస్తారు.

కావలసిన నిరోధం, స్ప్రింగు గట్టితనం యొక్క వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. పై ఉదాహరణలో స్ప్రింగు 38 శాతం గట్టిపడింది కాబట్టి షాక్ అబ్సార్బర్ నిరోధం 17 శాతం పెరిగితే సరిపోతుంది. పాత షాక్ అబ్సార్బర్లతో కొత్త గట్టి స్ప్రింగులు వేస్తే కారు కుదురుకోక ఎగురుతూ ఉంటుంది. మెత్తని స్ప్రింగులకు మరీ గట్టి షాక్ అబ్సార్బర్లు వేస్తే, వరుస గతుకులపై చక్రం క్రిందికి దిగేలోపే మరొక గతుకు వచ్చి, స్ప్రింగు క్రమంగా ముడుచుకుపోతుంది.

1962 నుండి 1980 వరకు తయారైన ఎం.జి.బి. వంటి కార్లలో గొట్టం ఆకారపు షాక్ అబ్సార్బర్లకు బదులు చేతి ఆకారపువి ఉంటాయి. వీటిలో నూనె తగ్గితే నింపుకోవచ్చు.

ఊగే ఇరుసు, ప్రమాదం

ఊగే ఇరుసు గల కారులో వెనుక భాగం పైకి లేచిన కొద్దీ చక్రాల అడుగులు లోపలికి వాలుతాయి. వేగంగా మలుపు తిరుగుతూ డ్రైవరు ఒక్కసారిగా ఆక్సిలరేటర్ వదలినప్పుడు వెనుక భాగం తేలుతుంది. అప్పుడు బయటి వైపు చక్రం కారు క్రిందికి మడత పడి, పట్టు తప్పుతుంది. అమెరికాలో షెవర్లే కోర్వేర్ కారులోని ఇటువంటి ఇరుసును రాల్ఫ్ నాడర్ 1965లో వెలువరించిన పుస్తకంలో తీవ్రంగా విమర్శించారు. ట్రయంఫ్ సంస్థ 1970లో స్పిట్‌ఫైర్ కమాను కట్టలో ఒక్క పట్టీని మాత్రమే బిగించి, మిగిలినవి మధ్యలో ఊగేటట్లు చేసి ఈ లోపాన్ని చాలావరకు తగ్గించింది.

చిలమత్తూరు ప్రాంతపు రోడ్లకు అన్వయం

చిలమత్తూరు మండలంలోని కొడికొండ వద్ద బెంగళూరు - హైదరాబాదు 44వ నంబరు జాతీయ రహదారి (2010 వరకు 7వ నంబరు) సాగుతుంది. అక్కడి నుండి చిలమత్తూరు మీదుగా లేపాక్షి, హిందూపురం వైపు రోడ్డు కలదు. జాతీయ రహదారిపై పాత కారు కూడా గంటకు 80 కి.మీ. వేగాన్ని అందుకుంటుంది. లోపలి పల్లెల దారులలో స్పీడ్ బ్రేకర్లు, కంకర, గుంతలు ఎదురవుతాయి. ఒకే కారు ఒకే రోజు ఈ రెండింటిపై నడవవలసి ఉంటుంది.

ఇటువంటి చోట కారు అడుగు తగలకుండా వెనుక కమాను కట్టకు ఒక పట్టీ అదనంగా వేయించాలన్న ఆలోచన సహజం. బరువు మోసే లారీకి ఇది తగినదే. హెరాల్డ్, తొలినాటి స్పిట్‌ఫైర్ వంటి కార్లకు మాత్రం ఇది హానికరం. పల్లె దారిలో మేలు చేసినట్లు కనిపించిన ఆ ఎత్తే, రహదారి మలుపులో చక్రం మడత పడడానికి కారణమవుతుంది. అందువలన ఎత్తును తయారీదారు సూచించిన స్థాయిలోనే ఉంచి, స్పీడ్ బ్రేకర్ల వద్ద వేగం తగ్గించుకోవడమే మార్గం.

ఎర్రమట్టి దుమ్ము షాక్ అబ్సార్బర్ కడ్డీపై పేరుకుని సీలును కోస్తుంది. కావున దుమ్ము తొడుగు గల రకాన్ని ఎంచుకోవడం మంచిది.

ఎంపిక క్రమం

# సమతలంపై, డ్రైవరు బరువుతో, టాంకు నిండుగా ఉన్నప్పుడు నాలుగు మూలల ఎత్తును కొలవాలి.
# రబ్బరు బుష్‌లు, కీళ్ళు, టైర్లు ముందుగా పరీక్షించాలి. స్ప్రింగు లోపంగా తోచేది అరిగిన బుష్ కావచ్చు.
# ఒక మూలను నొక్కి వదలాలి. రెండు మూడు సార్లు ఊగితే, లేదా నూనె కారుతుంటే షాక్ అబ్సార్బర్ చెడినట్లు.
# ముందుగా మూల కొలతల స్ప్రింగులు, కొత్త షాక్ అబ్సార్బర్లతో కారును నడిపి చూడాలి. చాలామందికి ఇదే సరిపోతుంది.
# అప్పటికీ చాలకపోతే గట్టితనాన్ని కొద్దిగా, ముందు వెనుకలు రెండింటినీ ఆలోచించి పెంచాలి. స్ప్రింగులను, షాక్ అబ్సార్బర్లను ఎప్పుడూ జతలుగానే మార్చాలి.
# షాక్ అబ్సార్బర్ పూర్తిగా చాచిన, ముడిచిన పొడవులను సరిచూడాలి. ఊగే ఇరుసుకు మరీ పొడవైనది వేస్తే చక్రం మరింత లోపలికి మడత పడగలదు.

జాగ్రత్తలు

పైన చెప్పిన స్ప్రింగును 100 మి.మీ. నొక్కినప్పుడు అందులో నిలువయ్యే శక్తి, 18 కిలోల బరువు ఒక మీటరు ఎత్తు నుండి పడినప్పటి శక్తికి సమానం. తగిన బిగింపు పరికరం లేకుండా దీనిని విప్పరాదు. ఎత్తు తగ్గించడానికి స్ప్రింగును గ్యాస్ మంటతో కాల్చరాదు. వేడికి ఉక్కు పదును పోయి, స్ప్రింగు కుంగిపోతుంది లేదా విరిగిపోతుంది.

భారతదేశంలో 2021లో వచ్చిన నియమాల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటిన కార్లను పాతకాలపు వాహనాలుగా నమోదు చేయించవచ్చు. ఇందుకు చట్రం, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పులు ఉండరాదు. కావున స్ప్రింగుల కొరకు చట్రాన్ని కోయడం, కొత్త పట్టులు వెల్డింగు చేయడం తగదు. తీసివేసిన మూల భాగాలను భద్రపరచడం మంచిది.

ఇవి కూడా చూడండి

* కమాను కట్ట
* స్టాండర్డ్ హెరాల్డ్
* హుక్ సూత్రం
* చిలమత్తూరు