టెన్షన్ అనే మూత

మొన్న చలికాలంలో హవల్లీలో ట్యూనిస్ వీధికి దగ్గరగా ఉన్న ఒక క్లినిక్కుకి దుబాసీగా వెళ్ళాను. నా వృత్తి అది కాదు, కంప్యూటర్ ప్రోగ్రాములతో కుస్తీ పట్టడం నా పని. మా భవనంలోనే ఒకరింట్లో పనిచేసే కడప జిల్లా అమ్మాయికి నెల రోజులుగా నిద్ర లేదు, గుండె దడ. ఆమెకు వచ్చిన అరబ్బీ వంటింటి వరకే. డాక్టరుగారేమో ఈజిప్టు మనిషి. "తోడు రాన్నా" అంటే వెళ్ళాను.

ఏమిటి బాధ అని ఆయన అడిగితే ఒక్కటే మాట చెప్పింది. "టెన్షన్."

దానికి తర్జుమా అక్కర్లేకపోయింది. ఆయన చేతికి పట్టీ చుట్టి బీపీ చూశారు. అరబ్బీలో "దగ్త్" అంటే ఒత్తిడి. రక్తపోటుకీ అదే మాట, మనసు మీది బరువుకీ అదే మాట. బీపీ మామూలుగానే ఉంది. "దగ్త్ ఏమీ లేదు" అన్నారు.

చిత్రమేమిటంటే, మనం రోజూ వాడే ఈ మాటలేవీ మనసు కోసం పుట్టినవి కావు. టెన్షన్‌కి మూలమైన లాటిన్ మాటకి అర్థం సాగదీయడం. 1678లో రాబర్ట్ హుక్ స్ప్రింగుల సూత్రం చెప్పడానికి వాడిన మాట అదే. నాకైతే అది మొదట పరిచయమయింది పొలాల మీదుగా పోయే హైటెన్షన్ తీగలతో. ప్రెషర్ కుక్కరుకీ టైరుకీ ఉండేది. 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచి చేతికి కట్టే పట్టీతో రక్తపోటు కొలిచాడు. 1905లో రష్యా వైద్యుడు కొరొత్కోవ్ స్టెతస్కోపు పెట్టి వినే పద్ధతి చెప్పాడు. ఆ కొలత పేరే మన ఇళ్ళలో కోపానికి పేరయింది. "నాకు బీపీ తెప్పించకు" అనని వాళ్ళెవరు?

స్ట్రెస్ కథ ఇంకా బాగుంటుంది. ఇంజనీర్లకు స్ట్రెస్ అంటే వస్తువు మీద పనిచేసే బలం, స్ట్రెయిన్ అంటే దానివల్ల వస్తువు పడే వంకర. వియన్నాలో పుట్టి, కెనడాలో మాంట్రియల్ చేరిన హాన్స్ సెల్యే 1936లో 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాడు. ఎలుకల్ని ఏ రకంగా బాధపెట్టినా వాటి శరీరాల్లో ఒకే తరహా మార్పులు వస్తున్నాయన్నది దాని సారాంశం. శీర్షికలో స్ట్రెస్ అన్న మాటే లేదు. తరువాత ఆ స్థితికి ఆయన స్ట్రెస్ అని పేరు పెట్టాడు, 1956లో వచ్చిన పుస్తకంతో అది జనంలోకి పోయింది. తన ఇంగ్లీషు ఇంకాస్త బాగుండి ఉంటే స్ట్రెయిన్ అని ఉండేవాణ్ణని ఆయనే తరువాత ఒప్పుకున్నాడు. పరాయి భాషలో తన బాధకు సరైన మాట దొరకని వలసవాణ్ణి తలుచుకుంటే నాకు కొంచెం ధైర్యంగా ఉంటుంది!

మన ఫిజిక్సు పుస్తకాల్లో వీటికి ప్రతిబలం, వికృతి, పీడనం అని పేర్లున్నాయి. "ప్రతిబలంగా ఉందిరా" అని ఎవరూ అనలేదు. పత్రికలు ఒత్తిడి అన్నాయి. ఇంట్లో మాత్రం టెన్షనే.

ఇంగ్లీషు వచ్చి చెడగొట్టిందని ఏడవడం నా ఉద్దేశం కాదు. తెలంగాణలో "ఫికర్ చెయ్యకు" అంటారు. ఆ ఫికర్ ఈ అరబ్బుల మాటే. ఇక్కడ దానికి అర్థం ఆలోచన, ఉర్దూ మీదుగా మన దగ్గరకొచ్చేసరికి దిగులయింది.

అయితే మనకు సొంత మాటలకూ లోటు లేదు. 1820లో కడప చేరిన బ్రౌన్ దొర 1852లో అచ్చువేసిన నిఘంటువులోనే దిగులూ బెంగా ఉన్నాయి. ఆదుర్దా అంటే రావలసిన కబురేదో రాలేదని. కంగారంటే టైము చాలడం లేదని. గుబులంటే కారణం ఇదీ అని తెలియదని. బెంగ అనగానే "ఎవరి మీద?" అని అడుగుతారు. టెన్షన్ అంటే మాత్రం ఎవరూ ఏమీ అడగరు. అదే దాని సుఖం. నలభై దాటిన మగవాడు "బెంగగా ఉంది" అంటే నవ్వుతారు, "ప్రాజెక్టు టెన్షన్" అంటే టీ ఇప్పిస్తారు. అమ్మతో ఫోన్లో నేనిన్నేళ్ళుగా చెబుతున్నదీ అదే.

సరే, క్లినిక్ సంగతికొస్తాను. డాక్టరుగారు మందుల చీటీ అందుకోబోతుంటే ఉండబట్టలేక అడిగాను. "టెన్షన్ అంటే ఏంటమ్మా?"

ఆమె కొంగు నలుపుతూ చాలాసేపు నేల చూపులు చూసింది. "చిన్నోడు ఫోన్లో నన్ను అమ్మా అనడం మానేసినాడన్నా. వాళ్ళవ్వను అమ్మా అంటాండాడు. రాత్రి పండుకుంటే ఈడ పట్టినట్టుంటాది."

డాక్టరుగారు నా వంక చూశారు. బెంగకి ఇంగ్లీషు మాట కోసం వెతికాను. స్ట్రెస్ అనబోయి నాలుక కరుచుకున్నాను. మాట వెతకడం మానేసి, పిల్లవాడి వయసు ఎంతో, ఆమె ఇంటికి వెళ్ళి ఎన్నేళ్ళయిందో, వాడిప్పుడు ఎవర్ని ఏమని పిలుస్తున్నాడో ఆమెనడిగి, ఒక్కొక్కటే ఆయనకు చెప్పాను. ఆయన కలం కింద పెట్టి, కుర్చీ ఆమె వైపు జరుపుకున్నారు.