పాత స్పీకరు పెట్టెలు – అరిగిన లెవెల్ కంట్రోళ్ల మార్పిడి

1960, 1970 దశకాలలో తయారైన పెద్ద స్పీకరు పెట్టెలలో అనేకమునకు వెనుక వైపునో, ముందరి గుడ్డ తెర కిందనో ఒకటి రెండు చిన్న నాబులు కనిపిస్తాయి. ఇవి యాంప్లిఫయరులోని వాల్యూమ్ కంట్రోలు వంటివి కావు. పెట్టెలోని ట్వీటరుకు, మధ్యస్థాయి స్పీకరుకు ఎంత ధ్వని అందవలెనో గది తీరును బట్టి సరిచేసుకొనుటకు ఏర్పరచినవి. అమెరికాకు చెందిన ఎకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ 1967లో విడుదల చేసిన ఏఆర్-3ఏ పెట్టెకు వెనుక ఇటువంటివి రెండు ఉన్నాయి. జేబీఎల్ వారి ఎల్100 సెంచురీకి ముందు వైపున ఉన్నాయి.

లోపల ఉండేది నిరోధపు తీగ చుట్టిన వలయము, దానిపై జారే లోహపు నాలుక. నాబును ఏళ్ల తరబడి కదపకపోతే ఆ రెండూ తాకే చోట కిలుము పడుతుంది. చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా ప్రాంతాలలో బొగ్గు గనుల దుమ్ము, విద్యుత్ కేంద్రపు బూడిద, 45 డిగ్రీలు దాటే వేసవి, దాని వెనుకనే వానాకాలపు తేమ. ఇవన్నీ కలిసి ఈ పనిని త్వరితం చేస్తాయి. క్రమంగా ట్వీటరు మూగబోతుంది. యజమాని ట్వీటరు కాలిపోయిందని తీర్మానించి పెట్టెను పాత సామానుకు వేసేస్తాడు. మంచి పెట్టెలు ఇంత చిన్న కారణానికి పోవడం విచారకరం.

కనుక ముందుగా పరీక్షించవలెను. పాట వస్తుండగా నాబును మెల్లగా తిప్పినప్పుడు గరగర శబ్దం వచ్చినా, ఒకచోట ధ్వని మెరిసి మళ్లీ మాయమైనా లోపం కంట్రోలుదే. తరువాత యాంప్లిఫయరును ఆపి, ట్వీటరు తీగ ఒకటి విడదీసి మల్టీమీటరుతో కొలిస్తే 8 ఓంల ట్వీటరుకు సుమారు 6 ఓంలు చూపుతుంది. అట్లా చూపినచో కాయిల్ తెగలేదని అర్థం. కంట్రోలు తీగలను కూడా విప్పి కొలుస్తూ తిప్పినప్పుడు అంకె సాఫీగా మారవలెను. నడుమ ఎగిరిపడితే అది అరిగినట్లే.

కిలుము మాత్రమే ఉంటే కాంటాక్ట్ క్లీనరు చల్లి ముప్పై నలభై సార్లు తిప్పితే చాలును. కిరోసిన్, కుట్టుమిషను నూనె వేయరాదు; జిడ్డు మిగిలి దుమ్మును ఇంకా పట్టుకుంటుంది. తీగ తెగినా, నాలుక అరిగినా మార్చక తప్పదు.

ఇక్కడనే పెద్ద పొరపాటు జరుగుతుంది. రేడియో విడిభాగాల దుకాణంలో దొరికే 10 కిలో ఓంల కార్బన్ వాల్యూమ్ కంట్రోలును అమర్చరాదు. దాని నిరోధము మిక్కిలి ఎక్కువ, అది ఓర్చే శక్తి ఒక వాట్ కంటె తక్కువ. కావలసినది ఎల్-ప్యాడ్. ఇందులో రెండు నిరోధములు ఒకే ఇరుసుపై తిరుగుతాయి: ఒకటి స్పీకరుకు వరుసగా, మరొకటి అడ్డంగా. 8 ఓంల స్పీకరుకు 6 డెసిబెల్‌లు తగ్గించునప్పుడు వరుసన 4 ఓంలు, అడ్డంగా 8 ఓంలు ఏర్పడతాయి. అడ్డంగా ఉన్న 8, స్పీకరు 8 కలిసి 4. దానికి వరుసనున్న 4 చేరి మళ్లీ 8. అనగా నాబు ఎటు తిరిగినా క్రాసోవరుకు అదే భారము కనిపిస్తుంది. ఆ స్థితిలో ట్వీటరుకు చేరేది నాలుగవ వంతు శక్తియే. తక్కిన మూడు వంతులు ప్యాడ్‌లో వేడిగా పోతాయి. అందుచేత వాట్ల విషయంలో పొదుపు చేయరాదు.

ఏఆర్-3ఏ మాత్రము వేరు. అందులోనిది ఎల్-ప్యాడ్ కాదు, సుమారు 16 ఓంల పొటెన్షియోమీటరు. దాని నిరోధాన్ని కూడా లెక్కలోనికి తీసుకొనియే క్రాసోవరు పనిచేస్తుంది. అక్కడ 8 ఓంల ఎల్-ప్యాడ్ పెట్టేవారు దాని ఇన్‌పుట్, కామన్ కొనల నడుమ 25 ఓంల రెసిస్టరును జోడిస్తారు.

పాత తీగలను విప్పకముందే ఏ రంగు ఏ కొనకు ఉన్నదో బొమ్మ గీసుకొనవలెను. కొత్త ప్యాడ్ కొనల క్రమము పాతదానితో కలవకపోవచ్చు. నాబు అవసరమే లేదనుకునేవారు పైన చెప్పిన 4, 8 ఓంల వైర్‌వౌండ్ రెసిస్టర్లనే శాశ్వతంగా అమర్చుకొనవచ్చును. 3 డెసిబెల్‌లు చాలుననుకుంటే 2.3, 19.4 ఓంలకు దగ్గరి విలువలు. లోపలి గాజు ఉన్నిని తాకేటప్పుడు చేతికి తొడుగు, ముఖానికి గుడ్డ ఉండవలెను. పూర్తిగా మూసి ఉండే పెట్టెలలో కంట్రోలు రంధ్రము చుట్టూ గాలి పోకుండా బిగించుట మరువరాదు. అక్కడ గాలి కారితే చెడేది ట్వీటరు ధ్వని కాదు, వూఫరు గంభీర స్వరము.