హైదరాబాదు పేరు మోసిన కొయ్య విమానము

శంషాబాదు విమానాశ్రయమున 2008 మార్చి 23 నుండి రాకపోకలు సాగుచున్నవి. అచట దిగు పెద్ద విమానములలో కొయ్య ఎముకలు గలది ఒక్కటియు కానరాదు. ఒకప్పుడు హైదరాబాదు పేరు ధరించి ఎగిరిన విమానములకు మాత్రము స్ప్రూసు, ఆషు అను కొయ్యలే ఎముకలు. అవిసెనార బట్టయే చర్మము.

1918లో నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను బ్రిటిషు వాయుసేనకు ఒక దళమునకు చాలునన్ని డి. హెచ్. 9-ఏ బాంబు విమానములను కానుకగా నిచ్చెను. వానిపై దాత పేరును, హైదరాబాదు పేరును, వరుస సంఖ్యయు వ్రాసిరి. ఆ 110వ దళము సెప్టెంబరు మొదట ఫ్రాన్సు చేరి, నవంబరు 11న యుద్ధమాగు వరకు జర్మనీపై దాడులు సలిపెను. ఆ పది వారములలో శత్రుభూమి నుండి తిరిగిరాని విమానములు 17. ప్రమాదములలో నాశమైనవి 28. వీరగాథలు చెప్పువారు మొదటి సంఖ్యనే చెప్పుదురు. నాకు రెండవదియే ఎక్కువ ఆలోచన కలిగించును. వడ్రంగులు వెంట నుండియు ఇన్ని పోయెననగా, వారి చేతిలో బాగుపడి మరల ఎగిరినవెన్నియో ఊహింపవచ్చును.

కొయ్య విమానము నేలను గట్టిగా తాకినప్పుడు విరిగిన భాగము కంటికి కనబడును. దానివలన భయము తక్కువ. రెక్కకు వెన్నెముక వంటి పట్టెలో నార నలిగి, వెండ్రుక వంటి ముడుత అడ్డముగా పడును. బట్ట విప్పి వెలుతురు ఏటవాలుగా పట్టి వెదకినగాని అది దొరకదు. దొరకనిచో ఆ పట్టె గాలిలో విరుగును. కావున చెడిన మేర కోసివైచి క్రొత్త కొయ్య నతుకవలెను. కొన కెదురుగా కొన నుంచి అంటించిన అతుకు నిలువదు. కొయ్య నోళ్లు జిగురును పీల్చివైచును. అందుచే రెండు కొనలను కలపుపాళీ వలె వాలుగా చిత్రిక పట్టుదురు. మందము 1 అంగుళమైనచో వాలు 12 అంగుళములు. అప్పుడు నార ప్రక్కకు నార ప్రక్క అంటుకొని బరువు మోయును. బండి నొగకు అతుకువేయు మన వడ్రంగికి ఈ న్యాయము తెలియనిది కాదు; కాని బండికి శేరు బరువు పెరిగిన చింతలేదు. ఆనాటి జిగురు విరిగిన పాల నుండి తీసిన కేసీనుకు సున్నము కలిపినది. తడి తగిలినచో బూజుపట్టి పట్టు వదలును.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున బేగంపేటలో శిష్యులెక్కిన టైగర్ మాత్ విమానములకు ఒడలు ఉక్కు గొట్టములు, రెక్కలు కొయ్యవే. వాని బంధువు, 1935 నాటి క్వీన్ బీ, మనిషి లేకయే రేడియో తరంగములచే నడచి ఫిరంగులకు గురిగా ఎగిరెడిది. దాని ఒడలును కొయ్యయే. నేడు పిల్లవాడు రేడియోతో నడుపు బాల్సా విమానము రెక్క విరుచుకొని వచ్చినను చికిత్స ఇదియే: వాలుగా చెక్కి అతుకుట.

నిజాము కానుకల మాటకు మరల వత్తము. వానిలో ఎఫ్ 1010 అను సంఖ్య గలది 1918 అక్టోబరు 5న జర్మనుల చేజిక్కెను. బెర్లిను ప్రదర్శనశాలలో నుండి, రెండవ యుద్ధమున పోలండునకు తరలి, రెక్కలు పోగొట్టుకొనెను. 1977లో బ్రిటిషు వాయుసేన ప్రదర్శనశాలవారు ఒక స్పిట్‌ఫైరును మారుగా నిచ్చి దానిని తెచ్చుకొనిరి. దీని అన్నయగు డి. హెచ్. 9 విమానములు బికనీరు ఏనుగుశాలలో చెదలుపట్టి దొరకెను. ఆ గతి దీనికి పట్టలేదు. రెక్కలు క్రొత్తగా నిర్మించి 1983లో లండను చెంత హెండనులో ప్రదర్శనకు నిలిపిరి. దాని ఒడలిపై హైదరాబాదు 12-ఏ అని యున్నది.