స్టీరింగ్ ఉన్నట్టుండి బరువెక్కిందా? కారణం తెగిన బోల్టు కావచ్చు.. ఉచిత మరమ్మతు ఎలా పొందాలి?

అమెరికా, కెనడాల్లో మంచు కురిసే ప్రాంతాల్లో పాత టెస్లా కారు నడుపుతున్నారా? తక్కువ ధరకు వస్తోందని సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకుంటున్నారా? అయితే బ్యాటరీతో పాటు పవర్ స్టీరింగ్ బోల్టుల గురించి కూడా తెలుసుకోవాలి. రోడ్లపై చల్లే ఉప్పు వల్ల ఈ బోల్టులు దెబ్బతిని తెగిపోయే ప్రమాదం ఉందని 2018లో మోడల్ ఎస్ కార్లను, 2020లో మోడల్ ఎక్స్ కార్లను టెస్లా రీకాల్ చేసింది. కంపెనీయే డబ్బు తీసుకోకుండా బాగు చేసి ఇవ్వాలి. కారు ఎన్ని చేతులు మారినా ఈ హక్కు పోదు. కానీ ఈ సంగతి చెప్పే ఉత్తరం పాత యజమాని చిరునామాకు వెళ్లిపోయి ఉంటే ఇప్పటి యజమానికి తెలియకపోవచ్చు.

ఏ కార్లకు ఈ సమస్య ఉంది? స్టీరింగ్ బరువెక్కితే ఏం చేయాలి? రీకాల్ పెండింగ్‌లో ఉందో లేదో ఎలా చూసుకోవాలి? ఇలాంటి సమస్య భారత్‌లో వస్తే చట్టం ఏం చెబుతోంది?

రీకాల్ ఏ కార్లకు?

2016 ఏప్రిల్‌కు ముందు తయారైన మోడల్ ఎస్ కార్లన్నీ మొదటి రీకాల్ కిందకు వస్తాయి. ప్రపంచవ్యాప్తంగా ఇవి సుమారు 1,23,000. 2018 మార్చి చివర్లో టెస్లా యజమానులకు ఈమెయిల్ ద్వారా ఈ విషయం తెలిపింది. దీనివల్ల ప్రమాదాలు గానీ, ఎవరైనా గాయపడటం గానీ జరిగినట్లు తమ దృష్టికి రాలేదని అప్పట్లో చెప్పింది.

రెండేళ్ల తర్వాత, 2020 ఫిబ్రవరిలో, దాదాపు ఇదే లోపంతో అమెరికా, కెనడాల్లోని సుమారు 15 వేల మోడల్ ఎక్స్ కార్లను వెనక్కి పిలిచింది. ఇవి 2016 అక్టోబరు మధ్య నాటికి తయారైనవి.

బోల్టు తెగితే స్టీరింగ్ ఎందుకు బరువెక్కుతుంది?

పాత కార్ల పవర్ స్టీరింగ్‌లో ఆయిల్, పంపు ఉండేవి. విద్యుత్ కార్లలో ఆ పని ఒక ఎలక్ట్రిక్ మోటారు చేస్తుంది. డ్రైవర్ ఎంత బలంతో స్టీరింగ్ తిప్పుతున్నారో ఒక సెన్సర్ గమనిస్తుంది. అందుకు తగ్గట్టుగా మోటారు స్టీరింగ్ గేర్‌ను నెడుతుంది. అందుకే రెండు టన్నులకు పైగా బరువుండే కారునైనా పార్కింగ్‌లో వేళ్లతో తిప్పగలుగుతున్నాం.

ఈ మోటారును స్టీరింగ్ గేర్ పెట్టెకు పట్టి ఉంచేవే ఆ అల్యూమినియం బోల్టులు. అవి తెగితే మోటారు తన చోట గట్టిగా నిలవదు. మోటారు తిరిగినా ఆ బలం గేర్‌కు సరిగా అందదు. ఫలితంగా పవర్ అసిస్ట్ తగ్గిపోతుంది, లేదా పూర్తిగా ఆగిపోతుంది.

అంతమాత్రాన స్టీరింగ్ చక్రానికీ, కారు ముందు చక్రాలకూ మధ్య సంబంధం తెగిపోదు. స్టీరింగ్ లాక్ అవ్వదు. కారు తిరుగుతుంది, కానీ చాలా బలం పెట్టాలి. వేగంగా వెళ్తున్నప్పుడు స్టీరింగ్‌ను కొద్దిగానే తిప్పుతాం కాబట్టి తేడా అంతగా తెలియదు. నెమ్మదిగా వెళ్తూ మలుపు తిరిగేటప్పుడు, పార్కింగ్ చేసేటప్పుడు మాత్రం చక్రం మొండికేసినట్టు ఉంటుంది. కూడలిలో మలుపు మధ్యలో ఉండగా ఇలా జరిగితే అనుకున్న వరుసలోకి కారు తిరగకపోవచ్చు. పెద్ద వయసువారికి, భుజాల నొప్పి ఉన్నవారికి ఇది మరింత కష్టం.

అన్ని చోట్లా కాకుండా చలి ప్రాంతాల్లోనే ఎందుకు?

మంచు గడ్డకట్టి వాహనాలు జారకుండా చలి దేశాల్లో రోడ్లపై ఉప్పు చల్లుతారు. మనం వంటలో వాడే ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, ఒక స్థాయి చలి వరకే పనిచేస్తుంది. చలి మరీ ముదిరే చోట్ల కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ వాడతారు. వీటికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఎక్కువ. అందువల్ల కారు అడుగున అంటుకున్నాక త్వరగా ఆరవు, లోహాన్ని తడిగానే ఉంచుతాయి.

అల్యూమినియానికి ఇనుములా ఎర్రటి తుప్పు పట్టదు. దానిపై సహజంగా ఏర్పడే పలుచని పొర దాన్ని కాపాడుతుంటుంది. క్లోరైడ్ లవణాలు ఆ పొరను చీల్చుకుని లోపలికి వెళ్తాయి. అక్కడక్కడా గుంతలు పడి లోహం బలహీనమవుతుంది. బిగించిన బోల్టు ఎప్పుడూ లాగుడులోనే ఉంటుంది కాబట్టి, బలహీనపడిన చోట ఒకనాటికి పుటుక్కుమంటుంది.

కాల్షియం, మెగ్నీషియం లవణాలు తరచూ వాడే అతి శీతల ప్రాంతాల్లోనే ఈ సమస్య కనిపించిందని 2018లో టెస్లా వివరించింది. అయినా పాత మోడల్ ఎస్ కార్లన్నిటికీ, ఏ వాతావరణంలో ఉన్నా, బోల్టులు మారుస్తామని ప్రకటించింది. కారు ఎప్పుడూ ఒకేచోట ఉండదు కదా అన్నదే దీని వెనుక ఉన్న ఆలోచన. ఉద్యోగం మారి టెక్సాస్ నుంచి మిషిగన్‌కో, కాలిఫోర్నియా నుంచి షికాగోకో వెళ్లే కుటుంబాలు ఈ మాట గుర్తుంచుకోవాలి. వెచ్చని రాష్ట్రంలో ఉన్నన్నాళ్లూ పట్టించుకోని రీకాల్ మొదటి చలికాలానికే అవసరం కావచ్చు.

దారిలో స్టీరింగ్ బరువెక్కితే ఏం చేయాలి?

- కంగారు పడొద్దు. రెండు చేతులతో స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకోండి. తిప్పడానికి మామూలు కంటే ఎక్కువ బలం పెట్టండి.
- పవర్ స్టీరింగ్ అసిస్ట్ పోయినంత మాత్రాన బ్రేకులు పోవు. మెల్లగా వేగం తగ్గించండి.
- హజార్డ్ లైట్లు వేసి, పెద్ద మలుపులు లేని చోట రోడ్డు పక్కన సురక్షితంగా ఆపండి.
- తెరపై కనిపించే హెచ్చరికను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. సర్వీస్ సెంటర్‌లో అదే మీకు ఆధారం.
- ఆఫ్ చేసి ఆన్ చేస్తే బాగైందని ప్రయాణం కొనసాగించొద్దు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌ను పిలిచి కారును టో చేయించండి.

మరమ్మతులో ఏం చేస్తారు?

కారును లిఫ్ట్‌పై ఎక్కించి పాత బోల్టులు తీసేసి కొత్తవి వేస్తారు. మళ్లీ ఉప్పు తగలకుండా రక్షణ పూత రాస్తారు. బోల్టులు తెగకుండా ఉంటే ఇది పెద్ద పనేమీ కాదు. మోడల్ ఎస్ కార్లకు సుమారు గంట సేపు పడుతుందని టెస్లా అప్పట్లో అంచనా వేసింది.

బోల్టు అప్పటికే తెగిపోయి ఉన్నా, తీసేటప్పుడు విరిగి ముక్క లోపలే ఉండిపోయినా స్టీరింగ్ గేర్ మొత్తాన్ని మార్చాల్సి రావొచ్చు. అవసరమైతే అది కూడా రీకాల్‌లో భాగమే. గేర్ మార్చాక వీల్ అలైన్‌మెంట్, స్టీరింగ్ సెన్సర్ సరిచూడటం తప్పనిసరి.

ఖర్చు ఎందుకని బయటి గ్యారేజీలో డ్రిల్ వేయించి ముక్క తీయించడం, దొరికిన బోల్టు బిగించడం మంచిది కాదు. ఏ రకం బోల్టు, ఎంత బలంతో బిగించాలన్నది ఇక్కడ ముఖ్యం. పైగా ఉచితంగా జరగాల్సిన పనికి డబ్బు పెట్టినట్టవుతుంది. రీకాల్ నోటీసు రాకముందే ఇదే లోపానికి సొంత డబ్బుతో మరమ్మతు చేయించి ఉంటే, ఆ ఖర్చు తిరిగి ఇవ్వాలని కంపెనీని అడిగే అవకాశం అమెరికా నిబంధనల్లో ఉంది. అందుకే బిల్లులు దాచుకోవాలి.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో సరిపోదా?

ఈ లోపానికి సరిపోదు. 2025 ఫిబ్రవరిలో టెస్లా అమెరికాలో 2023 మోడల్ 3, మోడల్ వై కార్లు సుమారు 3.76 లక్షలను పవర్ స్టీరింగ్ లోపంతోనే రీకాల్ చేసింది. అయితే అక్కడి సమస్య సర్క్యూట్ బోర్డుపై పడే అధిక వోల్టేజీ. దాన్ని ఇంటర్నెట్ ద్వారా పంపిన సాఫ్ట్‌వేర్‌తో సరిచేశారు. బోల్టుల రీకాల్ అలా కాదు. కారు సర్వీస్ సెంటర్‌కు వెళ్లాల్సిందే. "రీకాల్స్ అన్నీ వాటంతటవే అప్‌డేట్ అయిపోతాయి" అనే మాట నమ్మి ఊరుకోకూడదు.

మీ కారు రీకాల్ పెండింగ్‌లో ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

1. కారు గుర్తింపు సంఖ్య, అంటే 17 అక్షరాలు, అంకెలు ఉండే విన్ నంబరును చూడండి. డ్రైవర్ వైపు డ్యాష్‌బోర్డుపై అద్దంలోంచి కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్, బీమా పత్రాల్లోనూ ఉంటుంది.
2. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో రీకాల్స్ పేజీ తెరిచి ఆ నంబరు ఇవ్వండి. కెనడాలో ఉన్నవారు ట్రాన్స్‌పోర్ట్ కెనడా రీకాల్స్ సమాచారాన్ని, కంపెనీ ఇచ్చే వివరాలను చూడాలి.
3. ఇంకా పూర్తికాని రీకాల్స్ మాత్రమే అక్కడ కనిపిస్తాయి. ఏమీ లేవని వస్తే పని పూర్తయిందని అర్థం కావచ్చు, ఆ కారుకు రీకాల్ వర్తించదనీ కావచ్చు.
4. డ్రైవర్ డోర్ తెరిస్తే కనిపించే స్టిక్కర్‌పై తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. మోడల్ ఎస్ 2016 ఏప్రిల్‌కు ముందుది అయితే బోల్టులు ఎప్పుడు మార్చారో సర్వీస్ సెంటర్‌లో అడిగి తెలుసుకోండి.
5. టెస్లా యాప్‌లో సర్వీస్ అపాయింట్‌మెంట్ తీసుకుని, ఫలానా రీకాల్ పని చేయాలని స్పష్టంగా రాయండి.

అమెరికా చట్టం ప్రకారం ఉచిత రీకాల్ మరమ్మతుకు కాలపరిమితి ఉంది. లోపాన్ని గుర్తించే నాటికి కారు మొదటిసారి అమ్ముడై 15 ఏళ్లు దాటి ఉండకూడదు. మోడల్ ఎస్ అమ్మకాలు మొదలైందే 2012లో కాబట్టి ఈ నిబంధనతో వీటికి ఇబ్బంది లేదు.

సెకండ్ హ్యాండ్ కొనేవారు ఎందుకు జాగ్రత్తగా ఉండాలి?

రీకాల్ పెండింగ్‌లో ఉన్న కొత్త కారును మరమ్మతు చేయకుండా అమెరికాలో డీలర్ అమ్మకూడదు. 35 లేదా అంతకంటే ఎక్కువ కార్లున్న అద్దె సంస్థలు అలాంటి కారును అద్దెకు ఇవ్వకూడదు. కానీ పాత కార్లు అమ్మే డీలర్లకు ఫెడరల్ చట్టంలో ఇలాంటి నిషేధం లేదు. విడిగా అమ్ముకునే వ్యక్తులకూ లేదు. అంటే చూసుకోవాల్సిన బాధ్యత కొనేవారిదే.

బేరం కుదరకముందే విన్ నంబరు అడిగి వెబ్‌సైట్‌లో చూడాలి. టెస్ట్ డ్రైవ్‌లో హైవే మీద నడిపితే చాలదు. ఖాళీ పార్కింగ్ స్థలంలో నెమ్మదిగా స్టీరింగ్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడాలి. ఒకవైపు బరువుగా ఉన్నా, శబ్దం వచ్చినా ఆగి అడగాలి. కారు ఇంతకుముందు ఏ రాష్ట్రాల్లో తిరిగిందో చరిత్ర నివేదికలో తెలుస్తుంది. కొన్నాక కంపెనీ రికార్డుల్లో యజమాని పేరు, చిరునామా మార్పించుకోవాలి.

భారత్‌లో పరిస్థితి ఏమిటి?

టెస్లా 2025 జులైలో ముంబయిలో తొలి షోరూంతో మన దేశంలోకి వచ్చింది. ఇక్కడ అమ్మకాలు మొదలుపెట్టిన మోడల్ వై ఈ రెండు బోల్టుల రీకాల్స్‌లో లేదు. తెలుగు రాష్ట్రాల్లో మంచు కోసం రోడ్లపై ఉప్పు చల్లే పరిస్థితీ లేదు.

అయితే ఏ కంపెనీ విద్యుత్ కారులోనైనా స్టీరింగ్ అసిస్ట్ పోతే మన దగ్గరా చట్టం ఉంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 110ఏ సెక్షన్ ప్రకారం, వాహనంలోని లోపం డ్రైవర్‌కు, ప్రయాణికులకు, రోడ్డుపై ఇతరులకు హాని కలిగించేలా ఉంటే కేంద్రం రీకాల్‌కు ఆదేశించవచ్చు. ఈ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏడేళ్లలోపు వాహనాలకు వర్తిస్తాయి. తప్పనిసరి రీకాల్‌లో వాహనం రకం, సంఖ్యను బట్టి కంపెనీకి రూ.10 లక్షల నుంచి రూ.కోటి వరకు జరిమానా ఉంటుంది.

ఒక్కరి ఫిర్యాదుతోనే రీకాల్ రాదు. ఒకే మోడల్‌పై వచ్చే ఫిర్యాదుల సంఖ్యను బట్టే విచారణ ముందుకు కదులుతుంది. అందుకే సర్వీస్ సెంటర్‌లో సరిచేయించుకుని ఊరుకోకుండా కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లోని రీకాల్ విభాగంలో కూడా ఫిర్యాదు నమోదు చేయాలి. కంపెనీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. వస్తువుకు చెల్లించిన మొత్తం రూ.50 లక్షల లోపు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.

ఏ కాగితాలు దాచుకోవాలి?

- లోపం కనిపించిన తేదీ, కిలోమీటర్ల రీడింగ్, తెరపై వచ్చిన హెచ్చరిక ఫొటో
- సర్వీస్ సెంటర్ ఇచ్చిన జాబ్ కార్డు. అందులో "స్టీరింగ్ బరువుగా ఉంది" అన్న మీ ఫిర్యాదు రాశారో లేదో చూసుకోండి
- మార్చిన భాగాల పేర్లున్న బిల్లు. డబ్బు తీసుకోకపోయినా సున్నా బిల్లు అడిగి తీసుకోండి
- కంపెనీతో జరిగిన ఈమెయిల్స్, యాప్ సందేశాలు

కారు అమ్మేటప్పుడు ఈ కాగితాలు కొనేవారికి కూడా ఇవ్వండి. బోల్టులు మార్చారా లేదా అన్నది వారికి వెంటనే తెలుస్తుంది.