పురిటింటి తోడు



మంత్రసానితన మొప్పుకొన్న పిమ్మట ఏది వచ్చినను పట్టవలెనని మన పల్లెలలో ఒక సామెత గలదు. తలకెత్తుకొన్న పనినుండి వెనుదీయరాదని చెప్పుటకు పెద్దలు దీనిని వాడుదురు. రచ్చబండకడ ఈ మాట అన్నవారే గాని, ఆ మంత్రసాని యెవరు, ఆమె పట్టినదేమి, ఆమెకు మనము పెట్టినదేమి యని యోచించినవారు తక్కువ. నల్లగొండ, పాలమూరు సీమలలో పుట్టిన నా యీడువారు పెక్కుమంది తొలియేడుపు ఏడ్చినది ఆమె చేతులలోనే. ఆ స్త్రీలకు శాసనములు లేవు, కైఫియతులు లేవు. వారినిగూర్చి నాకు తెలిసినంత నేడు చెప్పెదను.

మొదట మా యింటి సంగతి చెప్పక తప్పదు. మా అమ్మకు తొలికాన్పు పోలీసుచర్య జరిగిన 1948వ సంవత్సరమున నైనది. చీకటిపడినచో ఇల్లు కదలుటకు జనులు వెఱచు దినములవి. అట్టి రాత్రి మా యూరి మంత్రసాని వాడ దాటి ఒంటిగా నడచివచ్చెను. తెల్లవార్లు ఆమె మా అమ్మ వెనుక కూర్చుండి, నడుమునకు మోకాలానించి, వీపు నిమురుచు, నొప్పి వచ్చినపుడు మాటలాడించుచు, తగ్గినపుడు కునుకు తీయనిచ్చుచు గడపినది. కోడికూతవేళకు మగబిడ్డ కలిగెను. ఇంటిలోనున్న కొడవలితో బొడ్డు కోసిరి. ఎనిమిదవనాడు బిడ్డ పాలు పట్టుట మానెను. దవడలు బిగిసెను, ఒడలు విల్లువలె వంగెను. పదవనాడు పోయెను. గాలి సోకినదని ఊరివారనిరి. మా అమ్మ బ్రతికినన్నాళ్ళు ఆ మంత్రసానిని ఒక్కమాట అనలేదు. "ఆ రాత్రి ఆ అవ్వ లేకుంటె నేను గూడ పోతుంటి కొడుకా" అని నాతో పలుమాఱులు చెప్పినది. రెండేండ్లకు నేను పుట్టినపుడు మరల ఆమెనే పిలిపించిరి.

బిడ్డ మృత్యువునకు కారణమైనదియు, తల్లిని నిలిపినదియు ఒకే చేతులు. ఈ రెండు సంగతులలో దేనిని మఱచినను మంత్రసాని చరిత్ర సరిగా తెలియదు. ఆమెను మూఢురాలని త్రోసివేసినవారు మొదటిదానినే చూచిరి. వెనుకటి కాలమే బంగారమనువారు రెండవదానినే చూచుచున్నారు.

మన సీమలో ఈ పని చేసినవారు తఱచుగా మంగలి, చాకలి, మాదిగ కులముల స్త్రీలు. నైజాము రాజ్యమున ఉరుదూ మాటను బట్టి దాయి యనియు పిలిచెడివారు. నెత్తురు, మాయ, మైలబట్ట తాకవలసిన పని గనుక తక్కినవారు దానిని నీచమని తలచి వీరికి వదలిరి. ఈ కులములవారి మగవారు గడీలకు కూలిలేని వెట్టి చేయుచుండిరి. స్త్రీలకును ఆ కష్టము తప్పలేదు. కాన్పురాత్రి దొరగారి కోడలిని కౌగిలించి పట్టుకొన్న ఆ స్త్రీయే, పురుడు వెళ్ళి ఇల్లలికిన మఱునాడు వాకిట నిలువవలెను, అంటరాదు. ఆమెకిచ్చునది చాటెడు జొన్నలు, ఒక పాతచీర, తాంబూలములో ఒకటి రెండు నాణెములు. ఆడుబిడ్డ పుట్టినచో ఆ చాట తేలికయగుట నేను బాల్యమున కన్నులార చూచితిని. బిడ్డ ఏదైనను ఆమె మేల్కొన్న రాత్రి ఒకటే గదా!

అయినను ఆ పదిదినములు ఇంటిలో ఆమెమాటకు ఎదురులేదు. దినమును వచ్చి, వావిలాకు వేసి కాచిన నీటితో బాలింతకు స్నానము చేయించి, నడుము బిగించి కట్టి, చాచిన కాళ్ళపై బిడ్డను పరుండబెట్టి నలుగుపెట్టి నీళ్ళు పోసెడిది. పాలు పడనిచో ఓపికతో పట్టించెడిది. ఆ దినములలో కోడలికి పని చెప్పిన అత్తను కసరగలిగినది ఊరిలో ఆమె యొక్కతెయే. బాలింత ఏడ్చినచో ఏలయని యడుగక చెంత కూర్చుండెడిది. వైద్యమని చెప్పదగినది ఆమె చేసినదానిలో కొంచెమే, తక్కినదెల్ల తోడు.

పాలమూరు కూలీల సంగతి యింకొకటి. కఱవు తఱిమినపుడు మేస్త్రీల వెంట ముఠాలుగా బయలుదేరి దేశమందలి ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసినవారు వారు. నిండుచూలాండ్రును ఆ ముఠాలలో పోయిరి. గోనెపట్టాల గుడిసెలో నొప్పులు వచ్చినచో, భాష తెలియని ఆ దేశమున ఆమెకు దిక్కు ముఠాలోని పెద్దవయస్సు స్త్రీ యొక్కతెయే. అట్లు పుట్టినవారిని నేనెఱుగుదును. తమ జన్మస్థల మడిగినచో ఊరిపేరు చెప్పరు, ప్రాజెక్టుపేరు చెప్పుదురు.

ఈ తోడు పల్లెటూరి మోటుతనమని తలచువారు మన ప్రాచీన వైద్యగ్రంథములు చూడవలెను. సుశ్రుతసంహిత శారీరస్థానమున, ప్రసవించు స్త్రీచెంత నలుగురు స్త్రీలుండవలెననియు, వారు వయస్సు చెల్లినవారు, కాన్పులందు నేర్పరులు, గోళ్ళు కత్తిరించుకొన్నవారు కావలెననియు విధింపబడినది. పెక్కు బిడ్డలను కన్నవారు, ప్రేమగలవారు, కష్టమున కోర్చువారు దగ్గఱనుండి ధైర్యము చెప్పవలెనని చరకసంహిత చెప్పును. గోళ్ళను గుఱించియు, ప్రేమను గుఱించియు మన పూర్వులు సమానముగ పట్టించుకొనిరి. తరువాతి కాలమున మనము ఆ పనిని నీచముచేసి, చేయువారిని చదువునకు దూరముచేసి, గోళ్ళమాట మఱపించితిమి. కొడవలి దోషము మంత్రసాని యొక్కతెదే కాదు.

చేతుల మలినము చదువురానివారికే చెందినదియు కాదు. ఐరోపాలో వియన్నా నగరపు పెద్ద ఆసుపత్రిలో రెండు పురిటివిభాగములుండెను. ఒకదానిలో వైద్యవిద్యార్థులు, రెండవదానిలో మంత్రసానులు పనిచేసెడివారు. 1846వ సంవత్సరమున వైద్యులవిభాగమున నూటికి 11 మంది తల్లులు సూతికాజ్వరముతో పోయిరి. మంత్రసానులవిభాగమున ముగ్గురైనను పోలేదు. శవములను కోసిన చేతులతోనే విద్యార్థులు పురిటిగదికి వచ్చుచున్నారని సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు కనిపెట్టి, 1847లో వారిచేత క్లోరిను కలిపిన సున్నపునీటితో చేతులు కడిగించెను. మరణములు వెంటనే తగ్గెను. ఆయన మాటను పెద్దవైద్యులు పెక్కుమంది చాలకాలము నమ్మలేదు. మా యూరి అవ్వకు ఆ మాట చెప్పినవారే లేరు.

మన దేశమున చెప్పుటకు యత్నములు జరుగకపోలేదు. 1885లో లేడీ డఫెరిన్ పేర స్త్రీవైద్యనిధి ఏర్పడెను. 1903లో లేడీ కర్జన్ దాయీలకు శిక్షణ యిప్పించుటకు విక్టోరియాస్మారకనిధిని నెలకొల్పెను. అవి పట్టణములు దాటి మన మెట్టపల్లెలకు వచ్చినది స్వల్పము. హైదరాబాదునుండి పాలమూరునకు పోవు బాటలో, శంషాబాదున, క్యాథరీనా షెల్లెన్‌బర్గ్ అను మెన్నొనైట్ మిషను వైద్యురాలు స్త్రీలకు చికిత్స చేసెను; 1907లో మనదేశమునకు వచ్చిన ఆమె 1945లో ఇచ్చటనే కన్నుమూసెను. మునగాల సంస్థానపు దివాను కొమర్రాజు లక్ష్మణరావుగారి కుమార్తె డాక్టరు అచ్చమాంబగారు ప్రసూతిని గుఱించియు శిశుపోషణను గుఱించియు తెలుగున గ్రంథము వ్రాసిరి.

పల్లెటూరి దాయికి విరివిగా శిక్షణ లభించినది 1977 తరువాత. ముప్పది దినములు నేర్పి, చేతికొక పెట్టె యిచ్చిరి. చేతులు శుభ్రము, పరుండు చోటు శుభ్రము, బ్లేడు శుభ్రము, బొడ్డుకు కట్టు దారము శుభ్రము, కోసిన బొడ్డు శుభ్రము - ఇది ఆ పాఠము. మా యూరినుండి వెళ్ళినది ఆ అవ్వ కోడలు. ఆ పెట్టెను ఆమె దేవుని గూటిలో నుంచెడిది. ఈ పాఠమునకు తోడు గర్భిణులకు ధనుర్వాతపు సూది అందెను. నవజాతశిశువుల ధనుర్వాతము నిర్మూలితమైనదని ఆంధ్రప్రదేశమునకు 2003లోను, భారతదేశమునకు 2015లోను నిర్ధారణ లభించెను. మా అన్నను తీసికొనిపోయిన జబ్బు ఎట్లుండునో మా ఊరి పిల్లతల్లులకు నేడు తెలియనే తెలియదు. ఇంతకన్న మేలేమున్నది?

అంతలో రాజ్యనీతి మాఱెను. దాయికి నేర్పినది చాలదు, కాన్పులన్నియు ఆసుపత్రిలోనే జరుగవలెననిరి. 2005లో జననీసురక్షా యోజన వచ్చెను. ఆ యేడే మన రాష్ట్రమున 108 బండి వచ్చెను. 2017లో తెలంగాణ ప్రభుత్వము సర్కారు ఆసుపత్రిలో కనిన తల్లికి 12,000 రూపాయలు, ఆడుబిడ్డయైనచో 13,000 రూపాయలు, బిడ్డకు వస్తువులపెట్టె యిచ్చు పథకము నారంభించెను. చాట తేలికయైనది చూచిన నాకు ఆ అదనపు వేయిరూపాయలు చాల సంతోషము కలిగించెను. 2019-20లో జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుచున్నట్లు తేలెను. 2018-20 నాటి లెక్కలో లక్ష ప్రసవములకు తల్లుల మరణములు 43; దేశమంతటి లెక్క 97. ఆసుపత్రిని నిందించుటకు నేనీ ప్రసంగము చేయుటలేదని దీనినిబట్టి గ్రహింపుడు. నొప్పులు వచ్చినపుడు బండిని పిలువుడు, ఆలస్యము చేయకుడు.

కాని పనిముట్టుతోపాటు మనిషినిగూడ పంపివేసితిమి. 1997లో నా కూతురు తొలికాన్పునకు ఒక ఆసుపత్రిలో చేరెను. ఆమెను లోనికి తీసికొనిపోయి తలుపు మూసిరి. నా భార్య బయట నేలపై కూర్చుండెను. లోపలినుండి కేక వినబడినపుడెల్ల లేచి తలుపుకడకు పోయి, మరల వచ్చి కూర్చుండెడిది. అరవకుమని ఎవరో గద్దించుట మాకు వినబడెను. పదునాలుగు గంటలకు తల్లియు బిడ్డయు క్షేమమనిరి. మేము చేతులు జోడించితిమి. ఇంటికి వచ్చిన పిదప నా కూతురు వారమువఱకు సరిగా మాటలాడలేదు. "అందరున్నరు నాయనా, ఎవ్వరు లేరు" అన్నది తరువాత.

ఆ సర్వేలోనే యింకొక లెక్క గలదు. తెలంగాణమున నూటికి 60 కాన్పులకు మించి కడుపు కోసి చేసినవే. ఇది దేశములో నెల్ల హెచ్చు. ప్రైవేటు ఆసుపత్రులలో నది నూటికి 81. ప్రాణములు నిలుపుటకు కోత అవసరమగు కాన్పు లున్నవి; ఇన్ని లేవు. డబ్బు ఒక కారణము, భయ మొకటి. అయితే వైద్యులనే యనుట న్యాయము కాదు. పంచాంగము చేతబట్టి ఫలానా లగ్నమున కోయుడని అడిగినవారు మన యిండ్లలోనే యున్నారు, అందు పెద్దమనుష్యులే ముందు.

ఒంటరితనమునకును ఈ కోతకును సంబంధమున్నదా యని మీ రడుగవచ్చును. ఉన్నది. మధ్య అమెరికాలోని గ్వాటిమాలాలో క్లాస్, కెన్నెల్ అను వైద్యులును వారి తోడివారును పరీక్షచేసి 1980లో ఫలితము ప్రకటించిరి. కొందఱు గర్భిణుల చెంత, శిక్షణ లేని ఒక స్త్రీని, వీపు నిమిరి చేయి పట్టుకొని మాటలాడుటకు మాత్రమే కూర్చుండబెట్టిరి. మఱికొందఱికి ఆ తోడు లేదు. తోడు లేనివారికి ఆసుపత్రిలో చేరినది మొదలు కాన్పగువఱకు సగటున 19 గంటలు పట్టగా, తోడున్నవారికి 9 గంటలైనను పట్టలేదు. పిమ్మట పెక్కు దేశములలో 15,000కు మించిన స్త్రీలపై జరిగిన పరీక్షలను 2017లో ఒకచోట చేర్చి చూడగా, విడువని తోడున్నచో కడుపుకోతలు తగ్గుననియు, నొప్పులకాలము తగ్గుననియు, తల్లికి ఆ కాన్పుపై రోత తక్కువయనియు తేలెను. ఇట్టి తోడుగత్తెకు అమెరికాలో డౌలా అని పేరు. 1970 ప్రాంతమున డేనా రాఫేల్ అను మానవశాస్త్ర పండితురాలు గ్రీకుభాషనుండి తెచ్చిన మాట యది. ఆ భాషలో దానికి దాసి యని యర్థము. దాసియను పేరుతోనే నేడక్కడ గౌరవమును రుసుమును పొందుచున్నారు. హైదరాబాదునందును కలిగినవారు డౌలాను కుదుర్చుకొనుచున్నారు. మనమేమో సాని యని పెద్దపేరు పెట్టి వాకిట నిలిపితిమి!

సర్కారును ఈ సంగతి గ్రహింపకపోలేదు. సర్కారు ఆసుపత్రులలో పురిటిగదిలోనికి ఒక స్త్రీని తోడుగా రానీయవచ్చునని కేంద్రప్రభుత్వము 2016లో అనుమతించెను. ఆమెకు అంటుజబ్బులుండరాదు, శుభ్రమైన బట్టలు కట్టుకొనవలెను, వైద్యుల పనికి అడ్డురారాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వము హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి తోడ్పాటుతో 30 మంది నర్సులకు పదునెనిమిది నెలలు ప్రసూతివిద్య నేర్పింప మొదలుపెట్టెను. అవసరము లేనిదే కోతకు పోక, తల్లిని నడిపించుచు, ఓదార్చుచు కాన్పు చేయుట వారి విద్య. మఱుసటియేడు దేశమంతటికి అట్టివారిని తయారుచేయు విధులు వెలువడెను. వారు ప్రతి ఆసుపత్రికి చాలినంతమంది యగుటకు కాలము పట్టును. తోడు రావచ్చునను అనుమతికి మాత్రము కాలమక్కఱలేదు, అడిగినచో చాలును. అట్టిదున్నదని తెలియకయే తలుపుబయట కూర్చుండు అమ్మలను నేను పెక్కుమందిని చూచితిని.

2023లో నా మనుమరాలికి నెలలు నిండినవి. నేను ముందుగనే పోయి డాక్టరమ్మను అడిగితిని. ఒకరు రావచ్చు ననిరి. ఎవరు పోవలెనని యింటిలో చర్చ జరిగెను; మనుమరాలు అమ్మమ్మనే కోరెను. బండి వచ్చులోపల నా భార్య అరుగుపై కూర్చుండి గోళ్ళు కత్తిరించుకొనుచుండెను. ఈ తొందరలో నిదేమని యడిగితిని.

"లోపల పిల్ల చెయ్యి పట్టుకోవాలె గద" అన్నది.